సాయంత్రం మాత్ర

జనవరి 8

ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన పుస్తకం వేరే ఉంది. అందులో రోజూ ఒకటి నుంచి పది లోపు అంకెలు వెయ్యాలి. నిద్ర ఎంత, ఆకలి ఎంత, ఐస్ మీదికి మనసు ఎంత లాగింది, సంతోషం ఎంత. సున్నా వెయ్యాలని ఉంది గానీ అందులో సున్నా లేదు. ఇది నా సొంత పుస్తకం. ఇందులో ఎవరూ తల దూర్చరు.

ఇవాళ నా మెదడు బొమ్మ చూపించారు. డాక్టరమ్మ దాన్ని తెర మీద పెట్టి, నడిమధ్యలో రెండు చోట్లు వేలితో చూపించింది. మామూలు మనిషికి అక్కడ ఎర్రగా కనపడుతుందట. నాకు పసుపుగా, అంచుల్లో నీలంగా ఉంది. అక్క నా పక్కనే కూర్చుంది.

"కాలిపోయిందా డాక్టరుగారూ?" అంది, పొయ్యి మీది పాలు మాడాయా అని అడిగినట్టు.

"కాలిపోలేదమ్మా. సంతోషం కబురు మోసే రసాయనం ఒకటుంటుంది, డోపమైన్ అంటాం. మంచి మాట విన్నా, ఆకలేసినప్పుడు తిన్నా అది చుక్క చుక్కగా వస్తుంది. పని కాగానే మళ్ళీ లోపలికి వెళ్ళిపోతుంది. మీరు ఐస్ అనే ఆ మెథాంఫెటమిన్ పీలిస్తే గేట్లెత్తినట్టు ఒక్కసారే పారుతుంది, వెనక్కి వెళ్ళే దారులూ మూసుకుపోతాయి. ఏళ్ళ తరబడి అలా పారితే ఆ తీగల చివర్లు మోడువారతాయి. ఇక చిన్న చిన్నవాటికి ఏమీ అనిపించదు."

"మళ్ళీ వస్తాయా?"

"మానేసి ఉంటే కొన్ని చిగురిస్తాయి. ఏడాది పట్టచ్చు, ఇంకా ఎక్కువ పట్టచ్చు. కొన్ని రావు."

"మందు లేదా మరి?"

"దీనికంటూ ఖాయమైన మందు ఇంకా లేదు. వెతుకుతున్నాం. అందుకే ఈ పరీక్ష."

పరీక్షలో చేరినవాళ్ళలో సగం మందికి మందు ఇస్తారు, సగం మందికి చూడటానికి అచ్చం అలాగే ఉండే ఉత్త పిండి నింపిన గొట్టం మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది పడిందో మాకూ తెలియదు, డాక్టరమ్మకీ తెలియదు. "మీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందండీ?" అంది అక్క. "కంప్యూటరుకి" అంది డాక్టరమ్మ.

సంతకం పెట్టాను. దారిలో అక్క, "గుడ్డికన్నా మెల్ల నయం" అంది. మానేసి నాలుగు నెలలయింది. నాకు గుడ్డికీ మెల్లకీ పెద్ద తేడా కనపడటం లేదు.

జనవరి 9

పని. ల్యాబులో కట్టుడుపళ్ళు రుద్దాను. ఇంటికొచ్చాను.

జనవరి 13

ల్యాబులో పదకొండేళ్ళు కట్టుడుపళ్ళకి రంగు కుదిర్చింది నేను. ఇప్పుడు ఓనరు ఆ పని తన బావమరిదికిచ్చి, నన్ను మెరుగుపెట్టే మిషను దగ్గర కూర్చోబెట్టాడు. ఆ బావమరిదికి పసుపుకీ బూడిదరంగుకీ తేడా తెలియదు. నాకు తెలుసు, కానీ నా చెయ్యి వణుకుతుంది. ఇవాళ ఒక ముసలాయనకి పై వరుస చేశాడు, గోడకి కొట్టిన సున్నంలా ఉంది. చూశాను. చెప్పాలనిపించలేదు. ఒకప్పుడైతే ల్యాబు పైకప్పు లేచిపోయేది.

"నీ పాత పని సంగతి నెమ్మది మీద చూద్దాంలేమ్మా, తొందరేముంది" అన్నాడు ఓనరు. నేనేమీ అడగలేదు.

జనవరి 18

ఆదివారం. అక్కా వాళ్ళింటికి వెళ్ళాను. మేం పిచ్చుక అని పిలిచే పిల్ల గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చింది. కింది పన్ను ఊడిందట, నాకు చూపించాలని దాచిపెట్టుకుంది. అరచేతిలో పెట్టుకుని నా మొహం ముందు పట్టింది.

చూశాను. ముందు పన్ను, వేరు పూర్తిగా కరిగిపోయింది, అంచు కొంచెం అరిగింది, రంగు మంచిదే. అదే చెప్పాను. "వేరు బాగా కరిగింది, ఇబ్బందేం లేదు" అన్నాను.

అది అరచెయ్యి మూసేసింది. తర్వాత పన్ను తీసుకెళ్ళి వాళ్ళ పెదనాన్నకి చూపించింది. బావ అబ్బో అబ్బో అంటూ కళ్ళకద్దుకుని, జేబులో వేసుకున్నట్టు నటించి, దాన్ని నవ్వించి చంపాడు. ఎలా నవ్వించాలో నాకూ తెలుసు. తెలిసినట్టు గుర్తుంది.

ఎవరి పిచ్చి వాళ్ళకి ఆనందం అంటారు. నాకు పిచ్చి మిగిలింది, ఆనందం పోయింది.

అది నా కడుపున పుట్టిన పిల్ల. ఒళ్ళో కూర్చుంటే బరువు తెలుస్తోంది, అంతే. అక్క దాన్ని ఎందుకు తీసుకెళ్ళిందో ఇక్కడ రాయక్కర్లేదు. వాళ్ళ నాన్న సంగతి అసలే అక్కర్లేదు.

జనవరి 22

ప్రతి గురువారం ఆసుపత్రికి వెళ్ళాలి. రక్తం ఇచ్చి, పాత డబ్బాలు అప్పజెప్పి, కొత్తవి తెచ్చుకోవాలి. బెంచీ మీద నా పక్కన కూర్చునేది ఒక లారీ డ్రైవరు. యాభై ఉంటాయి, ఏనుగంత మనిషి. మాట్లాడితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. పై వరుస మొత్తం పోయింది. ఐస్ పీల్చేవాళ్ళ నోరు ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పాలా. పేరు చెప్పాడు, మర్చిపోయాను. మళ్ళీ అడగటానికి మొహం చెల్లలేదు. "అన్నా" అంటే పలికాడు.

"లారీకి డీజిలు, నాకు ఐసు. ఇద్దరం పోటీపడి తాగేవాళ్ళం చెల్లెమ్మా. లారీనే ముందు మానేసింది" అన్నాడు.

మర్యాదకి నవ్వాను. పెదాలు ఎంత లాగాలో ఇప్పుడు అంచనా వేసుకుని లాగుతున్నాను.

జనవరి 23

కుళాయి కట్టెయ్యకుండా పనికి వెళ్ళిపోయాను. వచ్చేసరికి గది మడుగయింది. కింది వాటా ఆవిడ వచ్చి నాలుగు దులిపింది. విన్నాను.

జనవరి 26

కుళాయి కట్టెయ్యడం మర్చిపోయి పనికి వెళ్ళాను. గది నిండా నీళ్ళు. కింది వాటా ఆవిడ వచ్చి తిట్టింది.

ఇది ముందే రాశానట. ఇప్పుడే పైన చూశాను. రెండోసారి మళ్ళీ జరిగిందా, ఒకసారి జరిగింది రెండుసార్లు రాశానా? నేల పొడిగానే ఉంది.

ఫిబ్రవరి 5

అన్న నవ్వుతున్నాడు. మర్యాద నవ్వు కాదు.

"ఊరికే వస్తోంది చెల్లెమ్మా. పొద్దున మా ఆవిడ వండింది తిని బాగుందన్నాను. పెళ్ళయ్యాక ఆ మాట వినటం ఇదే మొదలట. గరిటె కింద పెట్టి, ఒళ్ళు బాగానే ఉందా అని నుదురు పట్టి చూసింది" అన్నాడు. చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయాడు.

బాగా నిద్ర పడుతోందట. ఐస్ మీదికి మనసు పోవటం తగ్గిందట. ఎప్పుడో పాడుకున్న పాట ఒకటి స్నానం చేస్తుంటే నోటికొచ్చిందట.

నాకు నిన్న సాయంత్రం బస్టాపు దగ్గర ఐస్ అమ్మేవాడు కనపడ్డాడు. అరగంట నిలబడి బస్సులు వదిలేశాను. కొనలేదు. ఎందుకు కొనలేదో తెలియదు. అది మంచితనమేమీ కాదు.

ఇంటికొచ్చి ఒక గొట్టం విప్పి నాలుక మీద చల్లుకున్నాను. పిండి. మళ్ళీ మూసి మింగాను. అన్నకి అసలుది పడింది, నాకు పిండి పడింది. పుట్టుక నుంచీ నా రాత ఇంతే.

ఫిబ్రవరి 12

ఉదయం డబ్బా, సాయంత్రం డబ్బా అని రెండిస్తారు. ఇవాళ నేనూ అన్నా సాయంత్రం డబ్బాలు మార్చుకున్నాం, నీళ్ళ మిషను వెనక. పొద్దున ఎవరిది వాళ్ళం, సాయంత్రం ఒకరిది ఒకరం. వచ్చే గురువారం ఖాళీ డబ్బాలు మళ్ళీ ఎవరివి వాళ్ళం తీసుకుని అప్పజెప్పుతాం. డబ్బా మీద నంబరు చూస్తారు గానీ కడుపులో నంబరు ఉండదు కదా.

అన్నే అన్నాడు. "ఆ చెత్తనే ఒకే గొట్టం నుంచి అందరం పంచుకుని పీల్చాం. మందు పంచుకోలేమా చెల్లెమ్మా" అన్నాడు. నేను అడగలేదు. వద్దనలేదు, అంతే.

ఇద్దరికీ సగం సగం. ఇందులో ఎవరికీ అన్యాయం లేదు.

ఫిబ్రవరి 13

అన్నే అన్నాడు. రాసి పెట్టుకుంటున్నాను, ఈమధ్య మరుపు ఎక్కువగా ఉంది కాబట్టి.

ఫిబ్రవరి 20

ఏమీ లేదు. నిద్ర కొంచెం నయం.

ఫిబ్రవరి 24

బావమరిది పెట్టిన రంగు చూసి, "ఇది పన్నా, సుద్దముక్కా" అన్నాను. పైకే అన్నాను. ల్యాబంతా తలెత్తి చూసింది. ఓనరు రంగుల పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. మూడుసార్లు చెయ్యి వణికింది, నాలుగోసారి కుదిరింది. ఆ పన్ను చేత్తో పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను.

ఫిబ్రవరి 26

అన్నకి పై వరుస ఇచ్చారు. ఆసుపత్రి పళ్ళ డాక్టరు అచ్చు తీసి మా ల్యాబుకే పంపించాడు, అన్న పళ్ళు నేనే చేశాను. లారీ డ్రైవరు పొగాకు నోటికి పాలతెలుపు పెడితే దొంగపళ్ళని లోకమంతా తెలుస్తుంది. కొంచెం పసుపు, అంచున కొంచెం గోధుమ కలిపాను. ఒక పన్ను కావాలనే రవ్వంత వంకర పెట్టాను, నమ్మేలా.

అద్దంలో చూసుకుని, "ఎవడీ అందగాడు, నా చొక్కా వేసుకున్నాడు" అన్నాడు. నవ్వాను. అంచనా వేసుకోకుండానే.

సాయంత్రం డబ్బాలు మార్చుకున్నాం. అన్న ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. అనిపించిందంతే.

మార్చి 1

ఇవాళ్టిది పూర్తిగా రాయాలి, మర్చిపోకముందే.

మధ్యాహ్నం అక్క బావని దేనికో కోప్పడుతోంది, తడి తువ్వాలు మంచం మీద వేశాడని. పిచ్చుక నా ఎదురుగా నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, అచ్చం అక్కలాగే మూతి తిప్పింది. మాట లేదు, ఉత్త మూతే. అక్క గొంతు పెంచినప్పుడల్లా మళ్ళీ తిప్పింది.

నాకు నవ్వు తన్నుకొచ్చింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వాను. అక్క తిట్టు మధ్యలో ఆపేసింది. పిచ్చుకకి ఊపొచ్చేసి ఇంకా తిప్పింది, మెడ పట్టేసేలా తిప్పింది. దగ్గరికి లాక్కున్నాను. దాని మెడ దగ్గర వాసన ఇన్ని నెలలూ సబ్బు వాసనే. ఇవాళ అది నా పిల్ల వాసన. ఇంక వదలలేకపోయాను. "అమ్మా ఊపిరాడట్లేదే" అంటోంది.

వచ్చేటప్పుడు అక్క గేటు దాకా వచ్చింది.

"నెలాఖరుకి దీనికి సెలవులిస్తారు. అప్పుడు తీసుకెళ్దువుగాని" అంది.

"ఎన్నాళ్ళకి?"

"నీ పిల్లని ఎన్నాళ్ళకని అడుగుతావేమిటే?"

సంతోషంగా ఉంది. ఈ మాట రాయటానికి భయంగానూ ఉంది.

మార్చి 5

అన్న పెద్దగా మాట్లాడలేదు. నిద్ర మళ్ళీ సరిగా లేదట. ఇంట్లో గొడవలేమో. నేను అడగలేదు, పిచ్చుక కబుర్లన్నీ చెప్పాను. విని, "మంచిదమ్మా, మంచిది" అన్నాడు. డబ్బా తనే తీసి ఇచ్చాడు.

మార్చి 8

పిచ్చుక తన బట్టలు ఇప్పటి నుంచే సంచిలో పెట్టుకుంది. రోజూ తీసి మళ్ళీ పెడుతోందట. అక్క మొత్తుకుంటోంది.

మార్చి 12

ఇవాళ అన్న ఆవులించాడు. నోరు పెద్దగా తెరిచాడు.

దవడపళ్ళ మీద నేను పెట్టిన గుట్టలు చదునైపోయాయి. రెండు వారాల పళ్ళు రెండేళ్ళు నమిలినట్టున్నాయి. రెండు వైపులా అద్దంలా మెరుస్తున్నాయి. తిండి నమిలితే అలా అరగవు. రోజంతా దవడలు బిగించి కొరుకుతూ ఉంటే అరుగుతాయి. ఎవరు అలా కొరుకుతారో నాకు తెలుసు. ఐస్ పీల్చే రోజుల్లో నా సొంత పళ్ళూ అలా అరిగినవే.

"పళ్ళు ఎలా ఉన్నాయన్నా?" అన్నాను.

"భేషుగ్గా" అన్నాడు. నా కళ్ళలోకి చూడలేదు.

తేలు కుట్టిన దొంగలా నేనూ నోరు మూసుకున్నాను. డాక్టరమ్మ పక్క గదిలోనే ఉంది. తలుపు తీసే ఉంది.

డబ్బాలు మార్చుకున్నాం.

మార్చి 13

ఒకవేళ ఆ పళ్ళ పదార్థం మెత్తగా వచ్చిందేమో. సరుకు కొత్తది. ఓనరుని అడగాలి.

మార్చి 16

అన్నకి ఫోన్ చెయ్యాలి.

మార్చి 17

ఫోన్ చెయ్యాలి. సెలవులిచ్చాక చేస్తాను. ఒక్క నెలాఖరు గడవనీ.

మార్చి 19

గురువారం. అన్న రాలేదు.

నర్సు చెప్పింది. నిన్న పొద్దున ఇంట్లోనే పడిపోయాడట. మళ్ళీ ఐస్ పీల్చాడు, బీపీ ఎగిసి మెదడులో రక్తనాళం చిట్లింది. ఇదే ఆసుపత్రిలో పై అంతస్తులో ఉన్నాడు. కుడివైపు కాలూ చెయ్యీ పడిపోయాయి. అలాంటప్పుడు ఏ మందు వేసుకుంటున్నాడో వెంటనే తెలియాలి కాబట్టి కంప్యూటరులో అన్న నంబరు తెరిచి చూశారట.

అసలు మందే.

"పాపం, మందు పడి కూడా" అంది నర్సు.

నాకు కొత్త డబ్బాలిచ్చారు. తీసుకున్నాను. సాయంత్రం డబ్బా చేతిలో పట్టుకుని నీళ్ళ మిషను దగ్గర నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో గుర్తొచ్చి వచ్చేశాను.

మార్చి 20

పని. ఏమీ అనిపించటం లేదు. కావాలనే.

మార్చి 23

డాక్టరమ్మ పిలిపించింది. నాతో పాటు అక్క కూడా వచ్చింది, సెలవుల ముందు నా పరీక్షల సంగతి కనుక్కుందామని.

అన్న రక్తంలో మందు ఉండాల్సినంత లేదట. అనుమానమొచ్చి మిగతావాళ్ళవీ చూడమన్నారట. నా రక్తంలో మందు ఉంది. కంప్యూటరులో నా నంబరూ తెరిచి చూశారట, నాకు పడింది పిండి. ఉండకూడదు.

నేను నోరు తెరిచేలోపే డాక్టరమ్మ, "మీ తప్పేం లేదని తెలుసులెండి. ఆయన చెప్పారు" అంది. మాట సరిగా రావటం లేదట గానీ, నర్సు చెవి దగ్గర పెట్టుకుని వింటే ఒకటే మాట. 'చెల్లెమ్మకి నేనే ఇచ్చాను. తను వద్దంది. నేనే బలవంతం చేశాను.'

"నిజమేనా?" అంది డాక్టరమ్మ.

అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఇది మెతకది డాక్టరుగారూ, ఎవరేం చెప్పినా కాదనలేదు" అంది.

నేను తలూపాను. ఎటు ఊపానో నాకే తెలియదు. వాళ్ళు అవునని అనుకున్నారు.

ఇంటికొచ్చి ఈ పుస్తకం తిరగేశాను. అన్నే అన్నాడు. అన్నే అన్నాడు. రెండుసార్లు రాసి ఉంది. ఇప్పుడు అన్న కూడా అదే అంటున్నాడు. ఇక కాదనాల్సింది నేనొక్కదాన్నే.

మార్చి 24

ఫిబ్రవరి 12న జరిగింది ఇది.

"నీకు అసలుది పడిందన్నా. నాకు సగం ఇవ్వు" అన్నాను. అన్న నవ్వి, "అలా చెయ్యకూడదేమోనమ్మా" అన్నాడు. "నా పిల్ల ఒళ్ళో కూర్చుంటే ఇటుకలు మోసినట్టుందన్నా. నీకేం, నీ పెళ్ళాం వంట నీకు రుచిగా ఉంది" అన్నాను. ఆ మాటకి మొహం మాడ్చుకున్నాడు. నేను చెయ్యి చాపుకునే ఉన్నాను. అప్పుడు డబ్బా నా చేతిలో పెట్టి, ఆ పంచుకోవడం మాట అన్నాడు. నా చెయ్యి చిన్నబోకుండా ఉండటానికి అన్నాడు.

మార్చి 12న చూశాను, తెలుసుకున్నాను, చెప్పలేదు. అప్పుడు చెప్పి ఉంటే ఆ వారం అన్నని ఆసుపత్రిలో చేర్చుకునేవాళ్ళు. నాకు సాయంత్రం మాత్ర పోయేది. పిచ్చుక వచ్చేదాకా అది కావాలనుకున్నాను. ఆ ఆరు రోజులూ నావే.

మార్చి 26

డాక్టరమ్మకి అంతా చెప్పాను. పళ్ళ సంగతి కూడా. ఆవిడ రాసుకోవటం ఆపి విన్నది.

"నేనే కదండీ కారణం?" అన్నాను.

"తెలియదమ్మా. పూర్తి మందు వేసుకున్నవాళ్ళలోనూ మళ్ళీ జారినవాళ్ళున్నారు. ఈ మందు కొందరికే, కొంతే పనిచేస్తుంది."

"నాకు పిల్ల మీద మళ్ళీ ప్రేమ పుట్టింది. అది ఆయన మందు వల్లేనా?"

"అదీ తెలియదు. మానేసి ఇన్ని నెలలయింది, మెదడు తనంతట తనే కోలుకుంటూ ఉండచ్చు. ఆయన మందూ కావచ్చు. మీరిద్దరూ కలిపేశారు. ఇక విడదీసి చూడలేం."

తిట్టి ఉంటే బాగుండేది. పరీక్షలోంచి నన్ను తీసేశారు. డబ్బాలు రెండూ అప్పజెప్పి వచ్చాను. గురువారాలు మామూలుగా రమ్మంది, మాట్లాడటానికి.

మార్చి 28

అక్కకి చెప్పాను. వంటింట్లో, పిచ్చుక బయట ఆడుకుంటుంటే. అక్క చేతిలో గిన్నె కడుగుతూనే ఉంది, కడిగిందే కడుగుతోంది.

"నీకు తెలుసా, ఆ మనిషి చచ్చేవాడు" అంది చివరికి.

"తెలుసు."

"తెలిసి ఊరుకున్నావు."

"ఊరుకున్నాను."

"నాకెందుకు చెప్పావే ఇప్పుడు? అతనే ఒప్పుకున్నాడు కదా. నోరు మూసుకుంటే పిల్ల రేపు నీతో వచ్చేది."

అక్క చేతులు తుడుచుకుంది. కోపంగా లేదు, అలిసిపోయినట్టుంది.

"పిల్ల ఇప్పుడే రాదు. ఎప్పుడంటే నన్నడక్కు" అంది.

సంచి విప్పి బట్టలు బీరువాలో పెట్టింది అక్కే. నేను చూస్తూ నిలబడ్డాను.

మార్చి 31

లోపల ఏమీ లేదు. మాత్రలు ఆగాయి కదా. అంతా మళ్ళీ పోయినట్టుంది.

ఏప్రిల్ 4

పని. బస్టాపు దగ్గర ఐస్ అమ్మేవాడు పలకరించాడు. వచ్చిన బస్సు ఎక్కేశాను, అది మా వైపు వెళ్ళేది కాదు.

ఏప్రిల్ 11

నిన్న ఒకసారి, ఇవాళ ఒకసారి ఆసుపత్రి పై అంతస్తు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. లోపల అన్న భార్య ఉంది. ఆవిడ మొహం చూడలేను.

ఏప్రిల్ 19

ఆదివారం. అక్కా వాళ్ళింట్లో పిచ్చుక ఈసారి గుమ్మం దాకా రాలేదు. లోపల కూర్చుని బొమ్మకి జడ వేస్తోంది. పక్కన కూర్చున్నాను.

"నువ్వు నన్ను తీసుకెళ్తానని తీసుకెళ్ళలేదు" అంది, బొమ్మ వంకే చూస్తూ.

"తీసుకెళ్ళలేదు. తప్పు నాదే."

"పెద్దమ్మది కాదా?"

"కాదు. నాదే."

బొమ్మ తీసుకుని వేరే గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు దగ్గరికి వేసుకుంది. లోపల ఏడుస్తోంది, నాకు వినపడకూడదని నోట్లో ఏదో కుక్కుకుని ఏడుస్తోంది. ఆ పద్ధతి నాదే, చిన్నప్పుడు నేనూ అంతే. గుండెల్లో ఎవరో చెయ్యి పెట్టి పిండినట్టయింది. మాత్రలు ఆగి మూడు వారాలు దాటింది. అయినా వచ్చింది. ఇంత నొప్పి నాకు ఎన్నేళ్ళయిందో తెలియదు.

అక్కణ్ణించి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. ఈసారి వెనక్కి రాలేదు. అన్న భార్య నన్ను చూసి లేచింది, ఏమీ అనలేదు, నీళ్ళు తెస్తానని బయటికి వెళ్ళింది. అన్న సగమైపోయాడు. నేను చేసిన పళ్ళు తీసేశారు, బుగ్గలు లోపలికి పోయాయి.

"అన్నా, నిజం చెప్పేశాను. నేనే అడిగానని" అన్నాను.

"పిచ్చిదానా." మాట ఒక వైపు నుంచే వస్తోంది. "పిల్ల?"

"రాలేదు. నా మీద ఏడుస్తోంది." అక్కడితో నా వల్ల కాలేదు. "నొప్పిగా ఉందన్నా. చాలా నొప్పిగా ఉంది" అన్నాను. ఆ మనిషి ముందు, ఆ మంచం పక్కన, నా నొప్పి చెప్పుకున్నాను.

అన్న నా వంక చూశాడు. కోపం లేదు. ఏమీ లేదు ఆ మొహంలో.

"అదృష్టవంతురాలివి" అన్నాడు. ఎగతాళికి కాదు. "మా ఆవిడ... రోజూ ఏడుస్తుంది. నాకు... ఏం లేదు చెల్లెమ్మా. ఏమీ రావట్లేదు."

ఆ చూపు నాకు తెలుసు. జనవరిలో నాది అదే.

నేను వచ్చినప్పటి నుంచీ ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నాను. అది కుడి చెయ్యి. పట్టుకున్నట్టు ఆయనకి తెలియదు. లేచి, మంచం చుట్టూ తిరిగి అటువైపు వెళ్ళి, ఎడమ చెయ్యి పట్టుకున్నాను.